అమ్మ నడకకు సరిపడే కరెంటు

తుంటి ఎముక ఆపరేషన్ అయిన ఏడాది అమ్మ బతుకమ్మ ఆటకు రానంది. "కుర్చీల కూసొని సూసెటందుకు అదేమన్న సిన్మానా? తిరగనిదాన్ని, నేనెందుకు?" అని గోడ వైపు తిరిగి పడుకుంది. పాలకుర్తి దగ్గరి మా ఊళ్లో అమ్మ పాట ఎత్తుకుంటేనే ఆట మొదలైనట్టు. ఆ మాట విన్నాక నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. నువ్వు తిరగలేకపోతే బతుకమ్మనే నీ ముందు తిప్పుతానని పంతం పట్టాను.

నాకు మోటార్ల పిచ్చి. జనగామలో కొలువు చేసి ఇంటికొచ్చానంటే పాత మిక్సీలు, బొమ్మ కార్లు విప్పుకుని కూర్చుంటాను. ఆడపిల్లకు ఇదేం సరదా అని చుట్టాలు నవ్వుతారు, నవ్వనీ. బతుకమ్మను పెట్టే పీట కింద పన్నెండు వోల్టుల గేరు మోటారు బిగించడం నాకు పెద్ద పనేం కాదు. తిప్పలంతా దానికి కరెంటు ఎక్కణ్నుంచి ఇవ్వాలనే దగ్గరే వచ్చింది.

మొదట వైఫై డబ్బా అడాప్టర్ తగిలించాను. పన్నెండు వోల్టులని దాని మీదే రాసి ఉంది. ఖాళీ పీట చక్కగా తిరిగింది. తంగేడు, గునుగు పేర్చిన తాంబాలం పెట్టగానే మోటారు ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది, అడాప్టర్ లైటు ఆరిపోయింది. తిరిగే మోటారు తీసుకునే కరెంటు కొంచెమే, బరువుతో మొదటిసారి కదలడానికి తీసుకునేది చాలా ఎక్కువ. వోల్టులు కుదిరాయి గానీ ఆంపియర్లు చాల్లేదు.

తర్వాత దుకాణాల బోర్డు లైట్లకు వాడే పెద్ద సప్లై పెట్టె తెచ్చాను. దాంతో బ్రహ్మాండంగా తిరిగింది. కానీ ఆట ఆడే చోట ప్లగ్గు లేదు. వీధిలోంచి వైరు లాగితే, వాన తడి నేల మీద, ఉత్త కాళ్లతో అంతమంది ఆడవాళ్లు. అమ్మో! ఆలోచన రాగానే ఆ పెట్టెను అటక మీద పడేశాను.

పత్తికి మందు కొట్టి వచ్చిన బాపు నా మొహం చూశాడు. "ఏంది బిడ్డా, గంత పరేషాన్ ఐతున్నవ్? మన స్ప్రేయర్ల బ్యాటరీ లేదా?"

అదీ పన్నెండు వోల్టులదే, ఎంత బరువునైనా ఒక్క తోపుతో కదిలిస్తుంది, షాకు భయం లేదు. నాకు తట్టక కాదు. "పురుగుల మందు వాసన బాపూ. బతుకమ్మ కాడ పెడతమా?" అన్నాను. బాపు బ్యాటరీని బయటికి తీసి, తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాడు. "దసరనాడు పెట్టే బొట్టు జర ముందుగాల్నే పెట్టిన. ఇగ తీస్కపో." నేను వైరుకు చిన్న ఫ్యూజు, వేగం తగ్గించే మీట కలిపాను.

ఆటకు ముందే ఒకసారి చూసుకుందామని మా వాకిట్లో పీట పెట్టి, అమ్మను వాకర్‌తో మెల్లగా నడిపించి కుర్చీలో కూర్చోబెట్టాను. ఆడవాళ్లు ఎటు తిరుగుతారో బతుకమ్మ కూడా అటే తిరిగేలా అమర్చాను. అమ్మ కాసేపు చూసింది. మొహం చిన్నబోయింది.

"బంద్ చెయ్ బిడ్డా."

"ఇప్పుడేమైందే?"

"నేను ఎనుకకు నడుస్తున్నట్టున్నది."

నాకు చిర్రెత్తింది. "అందరు తిరిగే దిక్కే తిరుగుతుంది గదనే!"

"అందరు తిరిగేటప్పుడు బతుకమ్మ తిరగది. మనం నడుస్తుంటె పూలు ఎటు పోతయ్? గట్ల పోవాలె."

మనం ముందుకు నడిస్తే పూలు వెనక్కి జరుగుతాయి. ఇన్నాళ్లూ నేను పీటను తిప్పడం గురించే ఆలోచించాను. అమ్మ అప్పటికే కుర్చీలోనే నడక మొదలుపెట్టి, నడక కుదరక ఆపమంది.

బ్యాటరీ దగ్గర రెండు వైర్లు అటుదిటు, ఇటుదటు మార్చాను. "బోరు మోటర్ ఉల్టా తిరిగితె మేం గిట్లనే మారుస్తం" అని బాపు నవ్వాడు. అమ్మ చప్పట్లు మొదలుపెట్టింది. ఆ చప్పట్లకు పూలు కుదిరేదాకా మీటను కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోయాను. నేననుకున్న దానికంటే ఎంతో నిదానం.

సాయంత్రం బతుకమ్మలన్నీ పెట్టిన చోట, మా పీటకు ఎదురుగా అమ్మ కుర్చీ వేశాను. ఆడవాళ్లు ఆమె వెనకనుంచి తిరిగారు. అమ్మ పాట ఎత్తుకుంది. నిరుటి గొంతే, ఏం తగ్గలేదు. వంగి చప్పట్లు కొడుతూ నేను ఆమెకు ఎదుటి వైపు వచ్చిన ప్రతిసారీ చూశాను, ఆమె కళ్లు పూల మీదే ఉన్నాయి, చీర అంచు కింద పాదాలు కదులుతున్నాయి.

పాట అయిపోయాక చేత్తో నన్ను దగ్గరికి పిలిచింది. చెమట పట్టిన మొహం తుడుచుకుంటూ అంది:

"జర ఆపు బిడ్డా. నడిసీ నడిసీ కాళ్లు గుంజుతున్నయ్."