బోర్డు పై సగం

లెక్కల టీచర్ రాసేదంతా బోర్డు కింది సగంలోనే. వెనక బెంచీల వాళ్లు కొంగల్లా మెడలు సాచి చూడాల్సిందే. పిల్లలు ఆమెకు పెట్టిన పేరు ‘సగం బోర్డు’. ఆ సంగతి ఆమెకూ తెలుసు. విననట్టే చాక్‌పీసు విరుస్తుంది. కాలేజీ రోజుల్లో సాఫ్ట్‌బాల్ ఆటలో ఆమె కుడిచెయ్యి గిర్రున తిరిగి బంతి వదిలితే, బ్యాటు పట్టినవాళ్లకు గాలి చప్పుడే మిగిలేది. ఫైనల్ నాడు భుజం నొప్పంటే కోచ్ బతిమాలాడు: “ఈ ఒక్క మ్యాచ్ ఆడెయ్యమ్మా, తర్వాత రెస్టే రెస్టు.” గెలిచిన కప్పు కాలేజీ బీరువాలోకి పోయింది, నొప్పి ఆమెతో వచ్చేసింది. ఆ చెయ్యి మళ్లీ భుజం దాటి లేవలేదు.

సాయంత్రాలు బడి సాఫ్ట్‌బాల్ జట్టుకు కోచ్ ఆమే. మొన్న ఫైనల్ మధ్యలో, బంతి విసిరే పిల్ల భుజం పట్టుకుని వచ్చింది. “టీచర్, చెయ్యి పీకేస్తోంది.” ఇన్నేళ్లలో తన జట్టు అంతదాకా రావడం అదే మొదలు. ఆమె స్ప్రే కొట్టి, పట్టీ బిగించి, “ఈ ఒక్క మ్యాచ్ ఆడెయ్యమ్మా” అంది. ఆ మాట ఎవరిదో గుర్తొచ్చేలోపే పిల్ల మైదానంలోకి పరిగెత్తింది. గెలిచారు. మర్నాడు హెడ్మాస్టర్ బడంతటి చేతా చప్పట్లు కొట్టించాడు. ఆ తర్వాత క్లాసులో ఆమె ఆ పిల్లనే లెక్క చెయ్యమని పిలిచింది. పిల్ల చాక్‌పీసు అందుకుని, పళ్లు బిగబట్టి, బోర్డు కింది సగంలో రాయడం మొదలుపెట్టింది. వెనక బెంచీల వాళ్లు అలవాటుగా మెడలు సాచారు.