టమోటా రేటు, అవ్వ బీపీ

ఆ రోజుల్లో మెడలో స్టెతస్కోపు వేసుకుంటే చాలు, ఊరు ఊరంతా నా ముందు చెయ్యి చాపుకొని కూర్చుంటుందని అనుకునేదాన్ని. కుప్పంలో నర్సింగు చదివి, పెద్దపంజాణి దగ్గర ఒక ఊళ్లో కొత్తగా తెరిచిన ఆరోగ్య కేంద్రంలో చేరినప్పుడు నా వయసు అలాంటిది. మా అమ్మ ఇస్త్రీ చేసి పంపిన తెల్లకోటు వేసుకొని, తలుపులు బార్లా తెరిచి, బల్ల మీద బీపీ మిషను పెట్టుకొని రోజూ పొద్దున్నే సిద్ధంగా ఉండేదాన్ని. వచ్చేవి ఈగలు. అప్పుడప్పుడూ ఒక మేక. (ఆ మేక ఒకరోజు గోడమీది పోషకాహారం పోస్టరు తినేసింది. మా కేంద్రం వల్ల మొదట లాభపడింది అదే.)

నేను ఉన్నది ఒక అవ్వ ఇంట్లో. అద్దెకున్నానని నేను అనుకునేదాన్ని, పెంచుకుంటున్నానని అవ్వ అనుకునేది. సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి నా ముందు పెట్టి, తినేదాకా కదలకుండా ఎదురుగా కూర్చునేది. ఆమెకు తరచూ తలనొప్పి. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసుకొని, తలకు గుడ్డ బిగించి కట్టుకొని అలాగే టమోటా తోటకు పోయేది. నాకేమో అనుమానం. "అవ్వా, ఒక్కసారి బీపీ చూస్తానే" అంటే చాలు, చెయ్యి కొంగులో దాచుకునేది.

"మా యక్కకి వీకోట ఆస్పత్రిలో ఆ పట్టీ కట్టినారు పాపా. కట్టిన దినమే కాలూ చెయ్యీ పడిపొయినాయి. ఆ పట్టీ నా కాడికి తేవద్దు" అనేది.

పక్షవాతం పట్టీ వల్ల రాలేదు, అంతకుముందు ఎన్నాళ్లుగానో పట్టించుకోని బీపీ వల్ల వచ్చింది అని నేను బొమ్మలు గీసి మరీ చెప్పాను. అవ్వ బొమ్మలు బాగున్నాయంది. చెయ్యి మాత్రం ఇవ్వలేదు. అక్కకు వచ్చిందే ఈమెకూ వస్తుందేమోనని నా దిగులు, పట్టీ కడితే వస్తుందేమోనని ఆమె దిగులు. ఒకే ఇంట్లో ఒకే రోగానికి ఇద్దరం చెరోవైపు నుంచి భయపడేవాళ్లం.

నా అవస్థ చూడలేక మా ఊరి ఆశా కార్యకర్త అక్క ఒకరోజు అంది. "ఈడ కూసుంటే యెవరొస్తారు పాపా? అందురూ ఆడ టమోటాల కాడ ఉండారు. మనమే పోదాం పా."

నిజమే. కోతల కాలంలో ఊరంతా రోడ్డు పక్క చింతచెట్టు కిందే ఉండేది. క్రేట్లు నింపుకొని టెంపో కోసం కాచుకునేవాళ్లు. ఆ టెంపో పుంగనూరు భాయ్‌ది. పొద్దున్నే ఒక లోడు మదనపల్లె మార్కెట్టులో దించేసి, రెండో లోడుకు వస్తూ ఆనాటి రేటు మోసుకొచ్చేవాడు. మేము వెళ్లేసరికి భాయ్ అప్పుడే దిగి అందరికీ ఏదో చెబుతున్నాడు. నాకు అదేమీ పట్టలేదు. మిషను తెరిచి కూర్చున్నాను.

మొదటాయనకు బీపీ ఎక్కువ. రెండో ఆయనకు ఇంకా ఎక్కువ. ఆడవాళ్లకూ అంతే. అందరి ముఖాలూ మాడిపోయి ఉన్నాయి, ఒకాయన దవడలు బిగించి పళ్లు నూరుతున్నాడు. ఇవన్నీ లక్షణాలే అనుకున్నాను. ఊరంతటికీ బీపీ! నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. (ఆడకపోయినా, ఇంత పెద్ద సంగతి కనిపెట్టినందుకు కలెక్టరుగారు నాకు శాలువా కప్పుతున్నట్టు ఊహించుకోవడానికి మాత్రం తీరిక దొరికింది.) అక్కడినుంచే పుంగనూరులో ఉండే మా డాక్టరమ్మకు ఫోను చేసి, "మేడం, ఊరు మొత్తం ప్రమాదంలో ఉంది" అన్నాను.

పాపం, ఆ మహాతల్లి నమ్మింది. రెండు రోజుల తర్వాత మందుల పెట్టెలతో జీపులో దిగింది. అదే చింతచెట్టు కింద కుర్చీలు వేశాం. ఈసారి ఆమే స్వయంగా చూసింది. మొదటాయనకు బాగుంది. రెండో ఆయనకు బాగుంది. పళ్లు నూరినాయన హాయిగా ఆవలిస్తూ చెయ్యి చాపాడు, అతనికీ బాగుంది. డాక్టరమ్మ నావైపు చూసింది. నేను మిషను వైపు చూశాను.

అప్పుడు టెంపో భాయ్ నోరు విప్పాడు. "ఆ దినం రేటు పడిపొయిందని నేను సెప్తాండంగానే పట్టీ కట్న్యావు పాపా! నాక్కూడా సూసింటే నీ మిషను పగిలిపొయ్యుండు. ఈ పొద్దు రేటు బ్రమ్మాండంగా ఉండాది, యెవరికొస్తాది బీపీ?"

ఇక చూడండి నవ్వులు. "మాకు గాదప్పా, ఈ పాపకే బీపీ ఉండాది" అన్నాడొకడు. మనిషిని కాసేపు నెమ్మదిగా కూర్చోబెట్టి, కుదుటపడ్డాక చూడాలని, ఎక్కువుంటే ఇంకో రోజు మళ్లీ చూడాలని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. నాకు తెలియక కాదు. పరీక్షలో ఈ ప్రశ్నకు మంచి మార్కులే వచ్చాయి, కావాలంటే మా అమ్మను అడగండి. కానీ ఆ నవ్వుల మధ్య నాకు ఒక్కటే తోచింది. ఇక ఈ ఊళ్లో నా ముందు ఎవరూ చెయ్యి చాపరు, అవ్వయితే అసలే చాపదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంతలో క్రేట్ల వెనక నుంచి తలకు గుడ్డ కట్టుకొని అవ్వ లేచి వచ్చింది.

"యాల నగుతాండారు? మా పాప అబద్దం సెప్పిందా? ఇంత ఊర్లో ఒక్కరికన్నా ఉండకుండా పోతాదా? కట్టమ్మా, నాకు కట్టు!"

కుర్చీలో కూర్చొని, కళ్లు గట్టిగా మూసుకొని, ఇన్నాళ్లూ కొంగులో దాచిన చెయ్యి చాపింది. రెండో చేత్తో నా తెల్లకోటు పట్టుకుంది. ఆ పట్టీ కడితే తన అక్కలాగే పడిపోతానని మనస్ఫూర్తిగా నమ్మిన మనిషి, నన్ను చూసి నలుగురూ నవ్వుతున్నారని చెయ్యి చాపింది. డాక్టరమ్మ ఆమెకు మంచినీళ్లిచ్చి, కాసేపు కబుర్లు చెప్పి, నెమ్మదించాక చూసింది. కాసేపాగి మళ్లీ చూసింది. రెండో చేతికీ చూసింది. డాక్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది.

అవ్వ ఒక కన్ను తెరిచి, "ఉండాదా?" అంది.

"ఉందమ్మా. చాలా ఎక్కువ ఉంది. ఈ రోజే మందు మొదలుపెట్టాలి."

అవ్వ దిగ్గున లేచి జనం వైపు తిరిగింది. "సూస్తిరా! సెప్తి గదా, ఉండాదంట! ఇంగ నగండి సూస్తాం!"

బీపీ వచ్చినందుకు అంత సంబరపడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఎవరూ నవ్వలేదు. జీపెక్కే ముందు డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంకొన్నాళ్లు ఆలస్యమై ఉంటే ఈమె కూడా వాళ్లక్కలాగే మంచాన పడేది. నీ క్యాంపు దండగ కాలేదులే" అంది. నేను అమ్మ ఇస్త్రీ చేసిన కోటు చేతికే ముక్కు తుడుచుకున్నాను.

పట్టీ కట్టినా అవ్వ పడిపోలేదు కాబట్టి మిగతావాళ్లూ ఒక్కొక్కరే కేంద్రానికి రావడం మొదలుపెట్టారు. (మేక కూడా.) ఇప్పుడు నేను మదనపల్లెలో కొత్తగా ఉద్యోగంలో చేరే నర్సులకు పాఠాలు చెబుతున్నాను. ఇస్త్రీ కోట్లలో మెరిసిపోతూ వస్తారు. "మార్కెట్టు రేటు తెలిసిన వెంటనే ఎవరికీ బీపీ చూడకండి" అంటే జోకనుకొని నవ్వుతారు.

మొన్న అవ్వ ఫోను చేసింది. గొంతులో ఏదో బెంగ.

"పాపా, నిన్న సూసినారు. బీపీ బాగా తగ్గి సరిగ్గా ఉండాదంట. అబద్దం సెప్పినావని నిన్నేమీ అనరు గదా?"

"ఏమీ అనరులే అవ్వా. మాత్రలు మాత్రం మానొద్దు" అన్నాను. శాలువా కోసం కలలుగన్న ఆ తెల్లకోటు పిల్ల గుర్తొచ్చింది. పాపం, దానికి ఏ కలెక్టరూ శాలువా కప్పలేదు. కానీ దాని పరువు ఎక్కడ పోతుందోనని ఇన్నేళ్ల తర్వాత కూడా దిగులుపడే మనిషి ఒకరు ఉన్నారు, రోజూ మాత్ర వేసుకుంటూ.