ముసుగేసిన మంత్రిగారి కోసం: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ

నేను బ్యాగు సర్దితే మా ఇంట్లో ఎప్పుడూ వేరే అర్థమే తీస్తారు. చనిపోయిన ఒక మాజీ కేంద్రమంత్రి జీవితం మీద సంస్మరణ సంచికకు వ్యాసం రాస్తాననగానే, నేను పార్టీలో చేరుతున్నానని అమ్మ బెంగపెట్టుకుంది. అదే అనుకుని నాన్న మురిసిపోయాడు. సంచిక వేస్తున్న సంఘానికి కార్యదర్శి ఆయనే. రాయాల్సిన అంశాలు కాగితం మీద రాసిచ్చాడు కూడా. 'కాల్వ చివరి ఎకరానికీ నీళ్లు తెచ్చిన నేత' అన్నది అందులో మొదటిది. నాకు కావలసిందల్లా ఆయన తిరిగిన ఊళ్లు ఒక్కరోజులో చూసి రావడం.

నల్లగొండ నుంచి పొద్దున్నే బయల్దేరి ఏడున్నరకు సూర్యాపేటలో దిగి, ఆయన విగ్రహం దాకా నడిచాను. తల నుంచి మోకాళ్ల వరకు తెల్లగుడ్డ చుట్టి తాడుతో కట్టేశారు. ఎన్నికల కోడ్ ఉంటే నేతల విగ్రహాలు కప్పేస్తారన్న సంగతి నాకు తట్టనేలేదు. ముందుకు చాచిన చూపుడువేలు ఒక్కటే గుడ్డను పొడుచుకుని బయటికొచ్చింది. దానికే ఫొటో తీసుకుని ఎనిమిదింటి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. కోదాడకు హైవే మీద గంట. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. అక్కడ ఆయన శంకుస్థాపన చేసిన భవనానికి ఆటో యాభై రూపాయలు. శిలాఫలకం నిండా పాత పేపర్లు అతికించి ఉన్నాయి. అంచు గోటితో లేపబోతుంటే ఆటో డ్రైవర్ వద్దని వారించాడు.

"ఓట్లయ్యేదాకా అంతేనండి. ఆయన సంగతులు కావాలంటే మిర్యాలగూడ పోండి. ప్రచారంలో ఆయనకు వండిపెట్టిన సైదమ్మ బస్టాండు ఎనకాల మెస్ నడుపుద్ది."

హుజూర్‌నగర్ మీదుగా బస్సులో రెండు గంటలు. మెస్‌లో భోజనం తొంభై రూపాయలు, పప్పుచారు అడిగినంత. సైదమ్మకు డెబ్బై ఏళ్లుంటాయి. జనం తగ్గాక నా ఎదురుగా కూర్చుంటే, నాన్న రాసిచ్చిన మొదటి వాక్యం చదివి వినిపించాను. కాల్వ చివర ఆమెకు రెండెకరాలుందట. ఇప్పటికీ బోరు పోస్తేనే పంట, లేదంటే బీడు. నీళ్ల కోసం ఆ ఊరివాళ్లు ఈ మధ్యే మళ్లీ అర్జీ పెట్టారట.

"మంత్రిగ ఉన్నన్నాళ్లు మా పొలం కాడికి రాలే. ఓడిపోయినంక ఒక్కడే వచ్చిండు. గట్టు మీద కూసోని, 'తెస్తనన్న సైదమ్మా, తేలేకపోయిన' అన్నడు. గంత మాట ఇంకెవరన్నరు? గందుకే ఓడినంక గూడ వండి పంపిన." నా చేతిలోని కాగితం వైపు చూపించింది. "నీళ్లొచ్చినయని నువ్వు అచ్చేస్తే, ఇగ మా అర్జీ ఎవరు సూస్తరు బిడ్డా?"

బస్టాండు నుంచి నాన్నకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. వంటామె మాట పట్టుకుని రాస్తారా అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "సంఘంల నా ఇజ్జత్ పోతది బిడ్డా" అన్నాడు. బస్సొచ్చిందని ఫోన్ పెట్టేశాను.

తిరుగు బస్సులో నాన్న కాగితం మొత్తం మళ్లీ చదివాను. పదవులు, పర్యటనలు, సన్మానాలు వరుసగా ఉన్నాయి. పదవి పోయాక ఒక మనిషి పొలం గట్టు దాకా వెళ్లి తన వల్ల కాలేదని చెప్పిన రోజు మాత్రం లేదు. ఆయన గురించి నాకు తెలిసినవాటిలో నేను నమ్మింది ఆ ఒక్క సంగతే. వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట: మెస్‌కు ఒంటిగంటలోపే చేరండి, రెండింటికల్లా అన్నం అయిపోతుంది, సైదమ్మ కూర్చుని మాట్లాడేది ఆ తర్వాతే.

నీళ్లు రాలేదనే రాస్తున్నాను. ఆ వాక్యం తీసేస్తే వ్యాసం ఇవ్వను.