బొట్లు పెట్టిన డిస్కులు

2023. దసరా వెళ్ళిన మరుసటి వారం. అనకాపల్లిలో కంప్యూటర్లు, నెట్‌వర్క్ సామాన్లు బాగుచేసే చిన్న కొట్టు నాది. మధ్యాహ్నం క్యారియర్ విప్పి మొదటి ముద్ద కలుపుతుండగా ఫోటో స్టూడియో సత్తిబాబు ఫోన్ చేశాడు. అన్నం దగ్గర ఫోన్ మోగితే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ సంగతి ఊళ్ళో నా కస్టమర్లందరికీ తెలుసు. అయినా అందరూ సరిగ్గా అప్పుడే చేస్తారు.

"బావా, కొంప మునిగిపోనాది. పెట్టె కూత పెడతంటే డిస్కు మార్సేను. ఇప్పుడు ఫోల్డర్లు ఒక్కటీ కనపడ్డం లేదు."

"నిన్నెవులు మార్సమన్నారు? నేనొచ్చేదాకా ఆగలేకపోయేవా?"

"మూడో డిస్కు పాడైందని తెరమీద రాసుంది. మూడోదే తీసేను. నా తప్పేటి?"

అతను పెట్టె అంటున్నది నాస్‌ని. స్టూడియోలో ఉన్న కంప్యూటర్లన్నీ నెట్‌వర్క్ మీద పంచుకునే స్టోరేజ్ అది. ముందు వైపు నాలుగు సొరుగులు, ఒక్కో సొరుగులో ఒక హార్డ్ డిస్కు. నాలుగింటినీ రెయిడ్ ఫైవ్ పద్ధతిలో కలిపింది నేనే. అంటే ప్రతి ఫైలూ ముక్కలై నాలుగింట్లోనూ పడుతుంది, ఆ ముక్కల తాలూకు లెక్క కూడా వాటితోపాటే పడుతుంది. ఒక డిస్కు చెడితే మిగిలిన మూడూ ఆ లెక్క చూసుకుని చెడినదానిలో ఏముందో చెప్పేస్తాయి. రెండు లేకపోతే మాత్రం చెప్పలేవు. ఒకటి చెడిపోయి ఉండగా బాగున్నదాన్ని లాగేస్తే రెండూ లేనట్టే లెక్క. సత్తిబాబు అదే చేసి ఉంటాడని తోచి, క్యారియర్ మూసేసి బండి తీశాను.

స్టూడియోలో బెంచీ మీద ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. ముప్ఫై దాటి ఉండవు. నన్ను చూడగానే సత్తిబాబు, "పోయింది బావా, అంతా పోయినట్టే" అన్నాడు. ఆ మాట వినగానే ఆవిడ బావురుమంది.

"ముందు నువ్వు నోరు ముయ్యి. పోయిందో లేదో సెప్పాల్సింది నేను" అని అతణ్ణి కసిరాను. "ఏడవకమ్మా. ఇంకా సూడందే ఏటీ అనుకోకు" అని ఆవిడకి చెప్పాను. చెప్పానే గానీ నాకూ నమ్మకం లేదు.

పెట్టె ముందుకెళ్ళి చూశాను. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. నాలుగు సొరుగులకీ పసుపు, గంధం, పైన కుంకుమ బొట్టు. ఆ బొట్టు కూడా ఎక్కడా చోటు లేనట్టు సరిగ్గా సొరుగు దీపం మీద! డిస్కు బాగుంటే పచ్చగా, చెడితే ఎర్రగా వెలిగే దీపం అది. ఆ కుంకుమ చాటున ఇప్పుడు నాలుగూ ఎర్రగానే కనపడుతున్నాయి.

"ఆయుధ పూజ బావా" అన్నాడు సత్తిబాబు. "కెమెరాలకి పెట్టి దీనికి పెట్టకపోతే ఎలాగ? నాలుగూ బయటికి తీసి, శుబ్బరంగా తుడిసి పెట్టేను."

"పెట్టేవు, సరే. ఏ సొరుగులోది ఆ సొరుగులోనే దోపేవా?"

"అదెవులు సూసేరు? కరెంటు ఆపే తీసేను. మల్లీ వేత్తే బాగానే నడిసింది కదా!"

నడుస్తుంది. తన డిస్కులు ఏ సొరుగులో ఉన్నా పెట్టె గుర్తుపడుతుంది. గుర్తుపట్టలేనిది మనిషే. ఒకటి, రెండు అని డిస్కులకి నేను అంటించిన స్టిక్కర్లు పూజ తరవాత చోట్లు మారిపోయాయి. తెరమీద మూడు అంటే ఎడమ నుంచి మూడో సొరుగు. సత్తిబాబు మూడు అని స్టిక్కరున్న డిస్కు లాగాడు. అది మొదటి సొరుగులో నిక్షేపంలా పనిచేస్తున్న డిస్కు.

పవర్ ఆపాను. అతను పెట్టిన కొత్త డిస్కు తీసి, లాగేసిన పాతదాన్ని దాని సొరుగులోకే తోశాను. దూదితో బొట్లు తుడుస్తుంటే "పాపం తగుల్తాది బావా" అని గొణిగాడు.

"తగిలితే నాకే తగల్నీ. నువ్వు దూరంగా నిలబడు."

పవర్ వేసినా ఫోల్డర్లు రాలేదు. నడుస్తుండగా లాగేసిన డిస్కు మిగతావాటికంటే కాస్త వెనకబడుతుంది, పెట్టె దాన్ని నమ్మదు. ఫరవాలేదు, కలుపుకో అని బలవంతపెట్టే కమాండ్ ఒకటుంది. అన్నిసార్లూ పనిచెయ్యదు. ల్యాప్‌టాప్ తగిలిస్తూ, ఆవిడ ఏం పోతుందని అంత ఏడుస్తోందో అడిగాను.

పేరు నూకరత్నం. పూడిమడక నుంచి వచ్చింది. ఆ ఏడు వానల్లో భర్త వేటకెళ్ళాడు. బోటు తిరగబడింది. మనిషీ, అతని ఫోనూ కూడా సముద్రంలోనే పోయాయి. పెళ్ళి వీడియో సత్తిబాబే తీశాడు. అప్పుడిచ్చిన సీడీ గీతలు పడి ఇప్పుడు ఆడడం లేదు.

"ఫొటో ఉంది బాబూ, గోడకి ఏలాడదీసేం. మాటే లేదు" అంది. "పెళ్ళి నాడు గుమ్మంలో ఆపి పేర్లు సెప్పించేరు. ఆయన నోట నా పేరు ఇన్నది ఆ ఒక్కపాలే. తరవాతంతా ఒలే అనే పిలిసీవోడు. మా పిల్ల గుంటకి మూడేళ్ళు. దానికీ ఇనిపిద్దామని వచ్చేను."

కమాండ్ టైపు చేసి, ఎంటర్ మీద వేలు పెట్టి సింహాద్రి అప్పన్నకి దణ్ణం పెట్టుకున్నాను. సత్తిబాబుని తిట్టిన నోటితోనే! తెరమీద డిగ్రేడెడ్ అని వచ్చింది. కుంటుతూనైనా నడుస్తున్నానని పెట్టె చెప్పడం అది. ఇంకెప్పుడైనా ఆ మాట చూస్తే విసుక్కునేవాణ్ణి. ఆ రోజు సత్తిబాబుని కౌగలించుకున్నాను.

నిజంగా చెడిన డిస్కు మార్చే ముందే ఆవిడ వీడియో పెన్‌డ్రైవ్‌లోకి తీసేద్దామన్నాను. మార్చాక పాత మూడింటినీ చివరంటా చదివి కొత్తదాన్ని నింపుతుంది పెట్టె. దాన్ని రీబిల్డ్ అంటారు. ఆ శ్రమకి ఇంకో పాత డిస్కు కూలబడిందంటే చేసేదేమీ లేదు. ఫోల్డర్లన్నీ పెళ్ళికొడుకు పేరుతో ఉన్నాయి.

"మీ ఆయన పేరేటమ్మా?"

నూకరత్నం తల దించుకుంది. "ఆయన పేరు నేనెలాగ సెప్తాను బాబూ."

మనిషి పోయాక కూడా చెప్పదు. నాకు విసుగు రాలేదు. "పోనీ, ఏ దేవుడి పేరో సెప్పు."

"సింవాచలం కొండ మీదోడి పేరే."

"ఓలమ్మో! ఈ జిల్లాలో సగం మంది ఆ పేరోలే కదమ్మా!" అన్నాడు సత్తిబాబు. ఆవిడ ఏడుపులోనే నవ్వేసింది. అప్పన్నా అంటే కాదంది. అప్పలనాయుడా అంటే కాదంది. అప్పలరాజా అంటే తలూపింది.

వీడియో దొరికింది. గుమ్మానికి అడ్డంగా ఆడపడుచులు, బయట పెళ్ళికొడుకు. పేరు చెప్తేనే లోపలికి అంటున్నారు వాళ్ళు. అతను సిగ్గుతో మెలికలు తిరిగి, చివరికి గట్టిగా అనేశాడు. "నేనూ నూకరత్నం వచ్చేం. తలుపు తియ్యండే!"

"మల్లీ ఎయ్యి బాబూ" అంది. వేశాను. మళ్ళీ అడిగింది. ఆ సారి తెర వైపు చూడలేదు, కళ్ళు మూసుకుని విన్నది. సత్తిబాబు లెన్సు తుడిచే గుడ్డతో ముక్కు తుడుచుకుంటున్నాడు.

ఆవిడ పెన్‌డ్రైవ్ కొంగున ముడేసుకుని వెళ్ళాక, దీపం ఎర్రగా వెలుగుతున్న సొరుగు లాగి, డిస్కు మీది సీరియల్ నంబరు తెరమీది నంబరుతో సరిచూసి కొత్తది పెట్టాను. మర్నాటికి నాలుగు దీపాలూ పచ్చబడ్డాయి. స్టిక్కరు నమ్మకు, సీరియల్ నంబరు చూడు అని అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను. రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానెయ్యకండి అని కూడా. సత్తిబాబు ఇప్పుడు వేరే డిస్కులో కాపీ ఉంచుతున్నాడు. బొట్టు మాత్రం పెట్టె నెత్తి మీద పెడుతున్నాడు.

ఇవి పనిలో నేర్చుకున్నవి. మొగుడి నోట తన పేరు వినడానికి ఒక ఆడమనిషి హార్డ్ డిస్కును వెతుక్కుంటూ బస్సెక్కి రావలసిన గతి పట్టకూడదు. ఆ కేసు నాకు నేర్పింది నిజానికి ఇది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పులు విప్పుతూనే "పార్వతీ" అని పిలిచాను. పెళ్ళయ్యాక "ఏమేవ్" తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషి, చేతిలో గరిటెతో వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఏటైంది? ఎవులైనా పోయేరా?"

"ఏటీ లేదు. ఊరికే పిలిసేను."

నమ్మలేదు. నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం ఉందేమో చూసింది. లేదని తేలాక, వంటింటి వైపు రెండడుగులు వేసి ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది.

"ఏదీ, ఇంకోపాలి పిలు."