టీవీలో పట్టిన గ్రహణం

మా తమ్ముడి కూతురికీ నాకూ ఒక ఒప్పందం ఉంది. వారానికో ఎపిసోడ్ వచ్చే ఒక సైన్సు కల్పన సీరియల్‌ని ఇద్దరిలో ఎవరూ ఒంటరిగా చూడకూడదు. మొదటి రెండు సీజన్లూ ఆమె పెళ్లికి ముందు తెనాలిలో మా ఇంట్లో చూశాం. మధ్యమధ్య ఆపి, రాకెట్టు అలా తిరగదనీ, గాలి లేని చోట ఆ మోత ఎలా వినబడిందనీ తీసినవాళ్లని ఏకిపారేసేవాళ్లం. ఆమె ఫిజిక్స్ లెక్చరరు. నేను మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తూ ముసలివాణ్ణయిపోయాను. తప్పులు పట్టడం మా ఇద్దరికీ సరదా.

మూడో సీజన్ మొదటి ఎపిసోడ్ వచ్చిన ఆదివారం పొద్దున్నే రేపల్లె రైలెక్కాను. ఆమె అత్తవారిది రేపల్లె. ఆమెకు ఆరో నెల. కడుపుతో పాటు షుగరు కూడా వచ్చింది. భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకోవాలి, వేసుకున్న వెంటనే తినాలి. ఆలస్యమైతే షుగరు పడిపోయి స్పృహ తప్పే ప్రమాదముందని డాక్టరు ఆ ఇంట్లో అందరికీ చెప్పాడు. అందరూ తలలూపారు.

చదువుకున్న ఇల్లది. మామగారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. అత్తగారు బీఏ. మా అల్లుడు ఇంట్లోనే కూర్చుని, ఉపగ్రహాలు తీసిన ఫొటోలు చూసి వాన ఎప్పుడొస్తుందో చెప్పే సాఫ్ట్‌వేరు రాస్తాడు. చదువొస్తే ఇవన్నీ వాటంతటవే పోతాయి కదండీ అని సభల్లో నన్ను అడిగేవాళ్ల కోసం ఈ వివరాలు రాస్తున్నాను.

ఎపిసోడ్ బాగానే మొదలైంది. మనుషులు ఏదో గ్రహానికి వలస వెళ్లి పంటలు పండిస్తున్నారు.

"వీళ్లకి నీళ్లెక్కడివి పెదనాన్నా?"

"చుండూరు కాలవకి గండి కొట్టుంటారు."

చివరికొస్తుండగా ఆమె ఇంజెక్షన్ వేసుకుంది. వంటింట్లో అత్తగారు కంచంలో వడ్డిస్తున్న చప్పుడు వినబడుతోంది. తెర మీద ఆ గ్రహపు చందమామ సూర్యుడికి అడ్డం వచ్చింది. పట్టపగలు చీకటైంది. పొలాల్లో వాళ్లు తలలెత్తి చూస్తున్నారు. నీడ ఎంతకీ కదలడం లేదు. ఎపిసోడ్ అక్కడితో అయిపోయింది. నల్లటి బిళ్ల, చుట్టూ సన్నటి వెలుగు, ఆ బొమ్మ అలాగే నిలబడిపోయింది.

అత్తగారు కంచంతో వచ్చి గుమ్మంలో ఆగారు.

"అదేంటి, గ్రహణమా?"

"అవునత్తయ్యా. అక్కడి చందమామ చాలా పెద్దది, అందుకని..."

"పట్టడం చూశావా?"

"చూశాను."

ఆవిడ కంచం వెనక్కి తీసుకెళ్లి మూతపెట్టి వచ్చారు.

"కడుపుతో ఉండి కళ్లప్పగించి చూశావు. రేపు బిడ్డకి గ్రహణమొర్రి వస్తే ఎవరిది బాధ్యత? విడిచాక స్నానం చేసి తిందువుగానిలే."

నేను మొదట వేళాకోళమనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"చెల్లెమ్మా, అది కథ. అక్కడ సూర్యుడూ లేడు, చంద్రుడూ లేడు. ఇంజెక్షన్ వేసుకుంది, ముందు అన్నం పెట్టండి."

"కథయితే అవనీండి అన్నయ్యగారూ. చూసింది నిజం కళ్లతోనే కదా."

మామగారి వైపు తిరిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. "తెర మీద గ్రహణం గురించి శాస్త్రంలో ఎక్కడా లేదు బావగారూ. లేదు కాబట్టి దోషం లేదనీ అనలేం." ఈయన దగ్గర ఎంతమంది పిల్లలు లెక్కలు నేర్చుకున్నారో తలుచుకుంటే ఒళ్లు జలదరించింది.

కుర్రతనంలో గ్రహణాల రోజు అంగలకుదురులో నడివీధిలో బల్లలేసి పెసరట్లు తినేవాళ్లం. కడుపుతో ఉన్న ఆడవాళ్లు కూడా వచ్చి మాతో తిన్నారు. ఎదుటివాళ్లు తిట్టేవాళ్లు, దుమ్ము చల్లేవాళ్లు. కానీ వాళ్లు మా మీదికొచ్చింది ఆకాశంలో నిజంగా పట్టిన గ్రహణం కోసం. ఆ వాదానికి ఒక తలాతోకా ఉండేది. టీవీ పెట్టె ముందు నాకు వాదించడానికి కూడా సిగ్గేసింది.

అల్లుడు ఫోన్ తీశాడు. డాక్టరుకేమో అనుకున్నాను. బాపట్లలో ఉండే వాళ్ల పురోహితుడికి చేసి స్పీకరు పెట్టాడు. సంగతంతా విని ఆయన అడిగాడు: "ఏ రాశిలో పట్టింది బాబూ?"

"మన భూమ్మీద కాదండి. వేరే గ్రహం."

"నవగ్రహాల్లోదేనా?"

"కాదండి. సీరియల్లోది."

పంచాంగం కాగితాలు తిప్పిన చప్పుడైంది. తరవాత, "రాశి తెలియకపోతే అన్ని రాశులకీ వర్తిస్తుందనుకోవాలి. విడుపు ఎప్పుడు?"

"వచ్చే ఆదివారమండి."

వారం రోజుల గ్రహణం. ఎవరూ నవ్వలేదు. నేను లేచి వంటింటి వైపు వెళితే అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"పోనీ చెంచాడు పంచదారైనా ఇవ్వండి."

"నోట్లో ఏదీ పడకూడదండి. పొరపాటున కూడా."

వెనక నుంచి మా పిల్ల, "పెదనాన్నా, నాకు చెమటలు పడుతున్నాయి," అంది. తిరిగి చూస్తే మొహం పాలిపోయింది, చేతులు వణుకుతున్నాయి. ఆ వణికే చేత్తోనే రిమోట్ అందుకుని సీరియల్‌ని వెనక్కి నడిపింది. నల్లబిళ్ల పక్కకి జరిగింది. సూర్యుడు కొంచెం కొంచెంగా బయటపడ్డాడు. పొలం మళ్లీ పచ్చబడింది. తలలెత్తిన జనం తలలు దించుకుని, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పనుల్లోకి పోయారు.

"విడిచిందత్తయ్యా. అన్నం పెట్టండి."

అత్తగారు తెరకేసి చూశారు, ఫోన్‌కేసి చూశారు. ఫోన్‌లోంచి పురోహితుడు, "కళ్లారా చూసిందా విడుపు?" అన్నాడు.

"చూసిందండి," అన్నాడు అల్లుడు.

"అయితే సరే. స్నానం తరవాతైనా చేయొచ్చు. నాలుగు చుక్కలు పసుపునీళ్లు చల్లి పెట్టేయండి."

చల్లారు, పెట్టారు. ఆమె కూర కలుపుకోకుండానే ఉత్త అన్నం గబగబా నాలుగు ముద్దలు మింగింది. మొహంలో రంగు తిరిగొచ్చేదాకా నేను కూర్చోలేదు. అప్పుడు నాకూ వడ్డించారు. పక్కన కూర్చున్న అల్లుడు గొంతు తగ్గించి, "నాకూ నమ్మకం లేదండి మావయ్యగారూ. అమ్మ మనసు కష్టపెట్టడం ఎందుకని," అన్నాడు.

"నీ భార్య పడిపోయి ఉంటే?"

"పడలేదు కదండీ."

నమ్మి చేసే అత్తగారితో రేపైనా వాదించగలను. నమ్మకుండానే ఫోన్ చేసే ఈ మనిషితో ఏం వాదించాలి? ఆకాశంలో మబ్బుని కొలిచే చేత్తోనే, భార్య సూది వేసుకుని ఖాళీ కడుపుతో కూర్చుంటే, పురోహితుడి నంబరు నొక్కాడు. ఆ పూట నాకు అన్నిటికన్నా అసహ్యం అక్కడే పుట్టింది.

గేటు దాకా వచ్చిన మా పిల్లని కూడా వదల్లేదు. "గ్రహణానికీ కడుపుకీ సంబంధం లేదని ఒక్క మాట అనాల్సింది. క్లాసులో పాఠం చెప్పేదానివి."

"చెబితే వింటారు పెదనాన్నా, గంట పడుతుంది. నాకంత టైము లేదు."

"వచ్చే ఆదివారం తెనాలి రా. మనింట్లో చూద్దాం."

"వస్తాను. కాకపోతే ముందు అత్తయ్య చూసి చెబుతారట, నేను చూడొచ్చో లేదో. ఆయన ఆవిడ ఫోన్‌లో సీరియల్ వచ్చేలా పెట్టిచ్చారు."

చివరికి అడగవలసింది ఒకటే మిగిలింది. ఇకనుంచి కంచం చేతిలోకొచ్చి, మొదటి ముద్ద కలిపాకే సూది వేసుకోమన్నాను. అలాగే అంది. మళ్లీ ఒకసారి ఆమె చేత అనిపించాను. రైలుకి టైమైంది.