వీధి వైపు అద్దాల గది

నేను ఇరవై ఎనిమిదేళ్ళు కిటికీ లేని గదిలో పనిచేశాను. నందిగామలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేదాన్ని. ఆ గదికి గోడలు మందంగా ఉండేవి, తలుపు లోపల సీసం రేకు ఉండేది. మొదట్లో పక్కనే ఉన్న చీకటి గదిలో ఎర్ర బల్బు కింద ఫిల్ములు కడిగేదాన్ని. తర్వాత కంప్యూటర్లు వచ్చి ఆ కడగడం పోయింది గాని కిటికీ మాత్రం రాలేదు. పొద్దున జగ్గయ్యపేటలో బస్సెక్కేటప్పుడు కాస్త ఎండ, సాయంత్రం నందిగామలో బస్సెక్కేటప్పుడు కాస్త ఎండ. మధ్యలో బయట వాన పడిందో లేదో లోపలికొచ్చే పేషెంట్ల చెప్పులు చూసి తెలుసుకునేదాన్ని.

అందుకే ఉద్యోగం మానేసిన వారానికే, ఇంటి పక్క ఖాళీ స్థలంలో అద్దాల గది కట్టుకుంటున్నానని అన్నయ్యతో చెప్పాను. కట్టుకోనా అని అడగలేదు.

అమ్మ పోయేముందు ఇల్లు రెండు భాగాలు చేసింది. దక్షిణం వైపు అన్నయ్యకి, ఉత్తరం వైపు నాకు. నేను పెళ్ళి చేసుకోలేదు. దాని వెనక కథేమీ లేదు, చేసుకోవాలనిపించలేదు, అంతే. నా భాగాన్ని ఆనుకుని వీధి వరకూ ఒక ఖాళీ జాగా ఉంది. అన్నయ్య చాలాకాలం విత్తనాల కొట్టు నడిపినవాడు. వీధిని తాకే ఏ జాగా చూసినా ఆయనకి షట్టర్లే కనిపిస్తాయి. నా జాగాలో రెండు షాపులు వేసి అద్దెకివ్వాలని ఆయన ఎప్పుడో తీర్మానించేశాడు. నాకు చెప్పడమే మిగిలింది.

“అద్దాల గదా?” అన్నాడు. “మే నెల్లో మన రోడ్డు మీద తారు కరుగుద్ది. అందులో ఎవరు కూర్చుంటారే?”

“నేను కూర్చుంటా.”

“వీధిలో పోయే ప్రతివాడూ నిన్నే చూస్తాడు.”

“చూడనీ.”

“ఒంటరిదానివి. ఈ వయసులో షోకేసులో బొమ్మలా కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారో ఆలోచించావా?”

“ఇన్నేళ్ళూ ఈ చుట్టుపక్కలోళ్ళ ఎముకలన్నీ నేను చూసా అన్నయ్యా. ఇప్పుడు వాళ్ళు నన్ను చూస్తే ఏం పోయింది?”

వంటింట్లోంచి వదిన నవ్వు వినిపించింది. వెంటనే అది దగ్గుగా మారింది. అన్నయ్య లేచి లోపలికెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నాతో నేరుగా మాట్లాడడం మానేశాడు. నేను ఎదురుగా ఉన్నా సరే, “పునాది గోడ మా వైపు రాకుండా చూసుకోమని చెప్పు” అని వదినతో అనేవాడు. “రాదని చెప్పు వదినా” అనేదాన్ని. వదిన మా ఇద్దరి మొహాలూ చూసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా కూర తరుక్కునేది.

అల్యూమినియం, గాజు పనిచేసే మేస్త్రీ ఒకాయన నందిగామలో ఉన్నాడు. షాపుల ముందు తలుపులు, ఆఫీసుల్లో పార్టిషన్లు చేస్తుంటాడు. వెనకెప్పుడో స్టూలు మీదనుంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుని మా ఆసుపత్రికి వచ్చాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. ఫోన్లో నేను దాచుకున్న ఫోటో చూపించాను. సన్నటి నల్ల ఫ్రేములు, వాలుగా గాజు కప్పు, మూడు వైపులా గాజు గోడలు, లోపల ఆకుల మొక్కలు, ఒక పేము కుర్చీ. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆయన మాత్రం ఒక్కసారే చూసి, నేను ఎప్పుడూ చూడనిది చూశాడు.

“మేడంగారూ, ఫోటోలో బయట మంచు పడి ఉంది, గమనించారా?”

నిజమే. కుర్చీ వెనక, గాజుకి అవతల, తోటంతా తెల్లగా ఉంది.

“వాళ్ళు ఎండని లోపలికి పిలవడానికి కట్టుకున్నారండి. మన దగ్గర అది పిలవకుండానే వస్తది. కప్పు గాజు వద్దు. పడమర కూడా వద్దు. తూర్పు, ఉత్తరం పెట్టుకుందాం.”

నాకు కోపం వచ్చింది. అన్నయ్య నోట విన్న ‘వద్దు’ ఈయన నోట కూడా వినిపించేసరికి రెండూ ఒకటే అనిపించాయి.

“కట్టేది మీరు, కూర్చునేది నేను. ఫోటోలో ఉన్నట్టే కావాలి.”

ఆయన టేపు తీశాడు. కొలతలు మూడుసార్లు తీసుకున్నాడు. గట్టిపరిచిన గాజు అట, ఒకసారి కొలిమిలో కాల్చాక అంగుళం కూడా కోయడానికి వీల్లేదట. కోస్తే మొత్తం ముక్కలైపోతుంది. అందుకే గోడ పని పూర్తయ్యే దాకా గాజుకి ఆర్డరివ్వలేదు. కింద నాపరాళ్ళు పరిపించాను. నల్ల ఫ్రేములు నిలబెట్టారు. గాజు పలకలు లారీలో వచ్చిన రోజున వీధి వీధంతా బయటికొచ్చింది.

“బట్టల షోరూమా అండీ?”

“జ్యూస్ షాపంట.”

ఎదురింటావిడ ఏకంగా లోపలికొచ్చి నాలుగు వైపులా చూసి, “ఇంతకీ ఏం అమ్ముతారు?” అని అడిగింది.

“ఏమీ అమ్మను. కూర్చుంటా.”

“ఊరికే కూర్చోడానికా?”

“ఊరికేనే.”

ఆవిడ నన్ను చూసిన చూపులో జాలి ఉంది. నాకు అది కూడా నచ్చింది.

జనవరి, ఫిబ్రవరి నెలలు నేను ఊహించినట్టే గడిచాయి. పొద్దున్నే కాఫీ పట్టుకుని అక్కడ కూర్చునేదాన్ని. వత్సవాయి వైపు పోయే ఆటోలు ఆగి మరీ చూసేవి. ఒకాయన చెయ్యూపాడు, నేనూ ఊపాను. కోతులు గాజు కప్పు మీద దూకి, కింద నేను కనిపించేసరికి బిత్తరపోయి పారిపోయేవి. సిమెంటు లారీల దుమ్ము రెండు రోజులకొకసారి తెల్లగా పేరుకునేది. కడుక్కునేదాన్ని. నా గది, నా దుమ్ము. పేము కుర్చీ తెచ్చుకున్నాను. పదహారు కుండీల్లో మొక్కలు పెట్టాను. కొన్ని నీడ మొక్కలు, రెండు మనీప్లాంట్లు, నాకు పేరు తెలియని వెడల్పాకులవి నాలుగు.

మార్చి మధ్యలో ఆకుల అంచులు మాడడం మొదలైంది. నీళ్ళు ఎక్కువ పోశాను. ఏప్రిల్ మొదటి వారానికి సగం కుండీల్లో పుల్లలే మిగిలాయి. పది గంటలకి కుర్చీ చేతుల మీద చెయ్యి పెట్టలేకపోయేదాన్ని. అయినా కూర్చునేదాన్ని. అన్నయ్య తన వరండాలోంచి చూస్తున్నాడని తెలుసు, అందుకే కూర్చునేదాన్ని. ఆ మొండితనం గురించి ఇవాళ గొప్పగా చెప్పుకోను.

ఒక మధ్యాహ్నం చచ్చిన మొక్కల కుండీలు బయట పెడదామని వెళ్ళాను. మూడో కుండీ ఎత్తేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. నాపరాళ్ళ మీద కూర్చుండిపోయాను. వదిన చూసి పరిగెత్తుకొచ్చి, చంకల కింద చేతులేసి ఇంట్లోకి లాక్కెళ్ళింది. మొహం మీద నీళ్ళు కొట్టి, ఉప్పేసిన మజ్జిగ తాగించింది. కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో అన్నయ్య ఉన్నాడు. ఇన్ని నెలల తర్వాత నాతో నేరుగా మాట్లాడాడు.

“చెప్పానా, లేదా?”

“చెప్పావు.”

“విప్పించెయ్. రేపే మనిషిని పిలుస్తా. షట్టర్లు వేయిద్దాం.”

లేచి కూర్చున్నాను. తల ఇంకా తిరుగుతూనే ఉంది.

“పొరపాటు నాది, అన్నయ్యా. గది కూడా నాదే. రెండూ నేనే చూసుకుంటా.”

మర్నాడు పొద్దున్నే నందిగామ బస్సెక్కాను. ఇన్నేళ్ళూ ఎక్కిన బస్సే, ఈసారి దారంతా ఏం మాట్లాడాలో వెతుక్కుంటూనే ఉన్నాను. మేస్త్రీ షాపులో గాజు తుడుస్తున్నాడు. నన్ను చూసి కుర్చీ వేశాడు. కూర్చోలేదు.

“మీరు చెప్పింది నిజం. నేను వినలేదు. అప్పుడు మాట్లాడిన తీరు కూడా బాలేదు.”

ఆయన గుడ్డ పక్కన పెట్టాడు. “గాజు తప్పేం లేదు మేడంగారూ, దాన్ని పెట్టిన చోటు తప్పు. ఆ రోజు నా చెయ్యి ఎక్స్‌రే తీసేముందు మీరు ఎన్ని రకాలుగా తిప్పారో గుర్తుందా? ఇలా కాదు, అలా అని ప్రాణం తీసారు. గదిని మనం అలా తిప్పి చూడలేదండి. ఆదివారం వస్తా, చూద్దాం.”

ఆదివారం ఏడింటికల్లా వచ్చి సాయంత్రం ఆరు దాకా ఉన్నాడు. గంట గంటకీ ఎండ ఎక్కడ పడుతోందో నాపరాళ్ళ మీద సుద్దముక్కతో గీశాం. మధ్యలో ఇంట్లోకి వచ్చి ఫ్యాను కింద కూర్చోవడం, మళ్ళీ వెళ్ళి గీయడం. సాయంత్రానికి నేలంతా గీతలతో నిండిపోయింది. తూర్పు ఎండ పొద్దెక్కేకొద్దీ గాజు వైపుకి తగ్గిపోతోంది. ఉత్తరం నుంచి వెలుగే తప్ప వేడి పెద్దగా లేదు. కప్పు మాత్రం పగలంతా కాలుస్తోంది. పడమర గాజు మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా వదలడం లేదు. ఫోటో పక్కన పెట్టి, ఆ గీతలు చూసి గదిని మళ్ళీ గీశాం. ఈసారి ప్రతి గీత దగ్గరా ఆయనేమంటాడో అడిగాను. రెండు చోట్ల నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే ఎందుకో చెప్పాను.

కప్పు గాజు దింపేశారు. కోయడానికి వీల్లేని ఆ పలకల్ని కీసర దగ్గర హైవే మీద ఒక హోటలాయన కొలత సరిపోయిందని పట్టుకెళ్ళాడు. వాటి స్థానంలో వేడి దిగనివ్వని మందపాటి పలకలు, పైన తెల్ల రంగు వేయించాం. ఉత్తరం అంచున మాత్రం వెలుగు కోసం ఒక గాజు పట్టీ ఉంచమన్నాను. అది నా పట్టుదల. పడమర ఇటుక గోడ లేచింది, దాని మీదికి సన్నజాజి పాకించాను. వేడి గాలి పైకి పోవడానికి కప్పు కింద ఏటవాలు పట్టీలున్న కిటికీ, చల్లగాలి రావడానికి ఉత్తరాన నేల దగ్గర ఇంకొకటి. తూర్పు గాజుకి వెదురు తెరలు. నేను లోపల వేద్దామన్నాను, ఆయన బయటే వెయ్యాలన్నాడు. ఎండ గాజు దాటాక తెర వేసి లాభం లేదట. విన్నాను. సన్నటి నల్ల ఫ్రేములు మాత్రం అలాగే ఉన్నాయి. ఫోటోలో గదికంటే నా గదే అందంగా ఉందంటాను, ఎవరు ఏమన్నా.

తర్వాతి వేసవికి పొద్దున తొమ్మిదిన్నర దాకా, సాయంత్రం అయిదు తర్వాత అక్కడ హాయిగా ఉండేది. మే నెల మధ్యాహ్నాలు మాత్రం ఇప్పటికీ కూర్చోలేను. అన్నయ్య అది కనిపెట్టాడు.

“మధ్యాహ్నం పనికిరాని గది” అన్నాడు, ఈసారి నాతోనే.

“మధ్యాహ్నం పనికొచ్చే గదులు ఇంట్లో ఇంకో మూడున్నాయి అన్నయ్యా.”

మొక్కలు మళ్ళీ పెట్టాను. తొమ్మిదే. వాటిలో ఎనిమిది బతికాయి.

వదిన మొదట వాటికి నీళ్ళు పోయడానికని వచ్చేది. తర్వాత కూరగాయల పళ్ళెంతో వచ్చేది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వీధిలో పోయేవాళ్ళని చూసేది. చాలామంది పేర్లు ఆమెకి తెలుసు, మొహాలు ఇప్పుడే తెలుస్తున్నాయంది. ఆమె వంటగదికి పొగ పోయే కన్నం తప్ప కిటికీ లేదు. కోడలిగా వచ్చిన నాటి నుంచీ అదే వంటగది. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన నాకు, కిటికీ కోసం ఇంత రగడ చేసిన నాకు, ఆ సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు. సిగ్గేసింది. ఏం చెయ్యాలో ఆలోచిస్తూ ఉన్నాను గాని, వదిన నా కోసం ఆగలేదు.

వర్షాకాలం తర్వాత తెరల తాళ్ళు మార్చడానికి మేస్త్రీ వచ్చాడు. పని అయ్యాక వదిన చీర కొంగుకి చేతులు తుడుచుకుంటూ, “ఒకసారి మా వంటింట్లోకి రండి” అంది. నేనూ వెనకే వెళ్ళాను. అన్నయ్య పేపరు మడిచి వచ్చాడు.

“ఈ తూర్పు గోడకి పెద్ద కిటికీ కావాలండి. ఇక్కణ్ణుంచి అక్కడి దాకా” అని రెండు చేతులూ చాపి చూపించింది వదిన.

“ఇప్పుడు దీనికేమొచ్చింది?” అన్నాడు అన్నయ్య.

“దీనికేం రాలేదండీ. నాకే ఊపిరాడట్లేదు.”

అన్నయ్య నా వైపు చూశాడు. ఇదంతా నా పని అని ఆయన అనుమానం. కాదు, నేను నోరు విప్పలేదు. వదిన ఆయన వైపు తిరగలేదు, గొంతు పెంచలేదు. చాపిన చేతులు మాత్రం దించలేదు.

మేస్త్రీ జేబులోంచి టేపు తీసి లాగాడు. గోడ పొడుగ్గా ఉంది, పొయ్యి గట్టు అడ్డమొచ్చింది, అవతలి కొసకి ఆయన చెయ్యి అందలేదు. అక్కడ దగ్గరగా ఉన్నది అన్నయ్యే.

“సార్, ఈ చివర కాస్త పట్టుకోండి” అన్నాడు మేస్త్రీ.

అన్నయ్య పేపరు చంకలో పెట్టుకుని పట్టుకున్నాడు.