పదకొండు టేపులు ఉత్తరానికి

మా వీధి చివర ఉన్న దర్జీ దుకాణం ఆదివారం నాడు మూసి ఉండగా నేను చూసినది ఒక్కసారే. ఆ రోజు టేపక్క కొండ ఎక్కింది.

ఆమెకు పెద్దలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. కరెంటు బిల్లు మీద తప్ప అది మరెక్కడా వాడుకలో లేదు. మెడలో పసుపు రంగు కొలత టేపు లేకుండా ఆమెను ఎవరూ చూడలేదు కనుక, చిన్నా పెద్దా అందరికీ ఆమె టేపక్కే. వయసు యాభై ఎనిమిది. దుకాణం అంటే ఒకటే గది: కిటికీ కింద తొక్కుడు మిషను, గోడవారగా పొడవాటి బల్ల, బల్ల మీద బరువైన కత్తెర, అరిగిపోయిన సుద్దముక్కలు. ఆ సుద్దముక్కలను చూసి, మనమిద్దరం ఒకే వృత్తివాళ్లమని ఒకసారి అన్నాను.

"ఎక్కడి మాట మాస్టారూ! మీరు రాసింది చెరిపేస్తారు. నేను గీసింది కోసేస్తాను" అంది.

నలభై ఏళ్లు వ్యాకరణం చెప్పినవాణ్ణి, అంత పొందికైన వాక్యం నాకు చాలా అరుదుగా తట్టింది. సరే, అది వేరే సంగతి.

టేపక్కకు ఒక తమ్ముడు. భూములు కొలిచే సర్వేయరుగా ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఊరికే కూర్చోలేక ఒక ఆటలో చేరాడు. జియోకాష్ అంటారట. ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాల అంకెలను నెట్‌లోని జాబితాలో పెడతారు. మిగతావారు ఫోనులో ఆ అంకెలను పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లి, డబ్బాలోని పుస్తకంలో సంతకం చేసి, డబ్బాను మళ్లీ అక్కడే పెట్టి వస్తారు. పెద్దవాళ్ల దాగుడుమూతలన్నమాట. ఇతను తన డబ్బాను ఊరి పక్క కొండ శిఖరం మీద దాచాడు. ఆ మరునాడే స్నానాల గదిలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మంచం మీది నుంచే అంకెలను జాబితాలోకి ఎక్కించాడు.

మూడు బృందాలు ఎక్కి, వెతికి, వట్టి చేతులతో దిగాయి. 'ఇది ఉత్తుత్తి పెట్టె' అని ఒకరు రాశారు. ఆదివారం సాయంత్రం ఐదు గంటలలోగా పెట్టె ఉన్నట్టు రుజువు చూపకపోతే దానిని కొట్టివేస్తామని జాబితా నడిపేవారు తెలియజేశారు. అది చదివిన నాటి నుంచి అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

శుక్రవారం టేపక్కతో పాటు నేనూ చూడటానికి వెళ్లాను.

"నిజంగానే పెట్టావా రా?" అని అడిగింది.

"నువ్వూ అడుగుతున్నావా అక్కా? ముప్పై రెండేళ్లు హద్దురాళ్లు వేశాను. ఒక్కటి తప్పుపోయిందని ఎవడూ అనలేదు. ఇప్పుడు ఎవడో షికారుకొచ్చినవాడు అంటాడా?"

"ఉడుక్కోకు. ఎవరైనా ఎత్తుకుపోయారేమో."

"పోతే పోయిందని రాస్తా. పోయిందో లేదో చూసేదెవరు? ఇదా?" అంటూ ప్లాస్టరు మీద వేళ్లతో కొట్టాడు.

"నేను చూస్తా."

"నీ మోకాలేసుకునా? మేడ మీద బట్టలారేయడానికే గంట పడుతుంది నీకు!"

"గంట పట్టినా ఆరేస్తున్నానా లేదా?"

అతను దిండు కింది నుంచి తన కొలతల పుస్తకం తీసి, ఒక కాగితం చింపి ఇచ్చాడు. ఆమె దానిని మడిచి జాకెట్లో దోపుకుంది.

ఆదివారం ఉదయం ఏడింటికి బయలుదేరాం. ఫోనులో బాణం గుర్తును చూసి దిక్కు చెప్పడం నా వంతు. ఆమె చేతిలో ఒక తెల్లదారం. నూరు అడుగులకొక ముడి వేసి, ఒక నిమిషం నిలబడి, మళ్లీ కదిలేది. కుడి మోకాలు మడత పడిన ప్రతిసారీ పెదవులు బిగించేది. ఇరవయ్యో ముడి దగ్గర ఇద్దరు మగవాళ్లు దిగుతూ ఎదురయ్యారు.

"ఆ డబ్బా కోసమే అయితే ఎక్కకండమ్మా. రాయి చుట్టూ రెండుసార్లు గాలించాం. అలాంటిదేం లేదు."

"మీరు వెతికారంటే నాకు ఒక చోటు తగ్గినట్టేగా! వెళ్లిరండి నాయనా" అంది టేపక్క.

నలభై ఆరు ముడులకు శిఖరం వచ్చింది. బాణం తిన్నగా ఒక సర్వే రాయి దగ్గర ఆగింది. నెత్తిన గాటు పెట్టిన చదరపు రాయి. చుట్టూ వెతికాం. గులకరాళ్లు ఎత్తి చూశాం. పొదలు విడదీశాం. ఒంటిగంట దాటింది. శిఖరం మీద ఫోనులో మాట్లాడేందుకు సిగ్నల్ లేదు. అది దొరకాలంటే సగం కొండ దిగి నీళ్ల ట్యాంకు మలుపు దాకా పోవాలి. దిగి తమ్ముణ్ణి అడగవచ్చు. కానీ దిగితే ఆ మోకాలితో మళ్లీ ఎక్కడం కల్ల.

ఆమె రాయి మీద కూర్చుని కాగితం తీసింది. పై వరుసలో మాకు తెలిసిన పొడుగాటి అంకెలు. కింద సన్నగా, పెన్సిలుతో: ఉ. 22, తూ. 9.

"ఇదా సంగతి!" అంది. "చిన్నప్పుడు అగ్గిపెట్టె ఎక్కడరా అంటే, గూట్లో ఉంది అనేవాడు కాదు మాస్టారూ. గుమ్మం నుంచి నాలుగంగలు, ఎడమకి రెండు అనేవాడు."

అప్పుడు నాకూ బోధపడింది. సర్వేయరు రాయి మీద నిలబడి రాయి అంకెలను రాసుకుంటాడు. రాయి నుంచి వస్తువుకు ఎన్ని అంగలో దాని కింద రాసుకుంటాడు. రెండు వరుసలూ కలిస్తేనే ఒక చోటు. ఇతను జాబితాలోకి పై వరుసను మాత్రమే ఎక్కించాడు.

ఆమె ఉత్తరానికి ఇరవై రెండు అంగలు, తూర్పుకు తొమ్మిది నడిచింది. అక్కడ నున్నటి బండ తప్ప ఏమీ లేదు.

"దిగుదామా అమ్మా?" అన్నాను.

"ఇవి నా అంగలు. వాడివి కావు." వెనక్కి వచ్చి, మెడలోని టేపు తీసింది. "వాడి ప్యాంట్లు ఎప్పుడూ ఒకేచోట చిరిగేవి. ఏంట్రా అంటే, ఉద్యోగంలో చేరినప్పుడు అంగ సరిగ్గా ముప్పై ఇంచులు పడాలని నేర్పించారట. అప్పట్నించీ సీటు దగ్గర వదులు ఎక్కువ పెట్టి కుడుతున్నా. ముప్పై ఏళ్లుగా ఆ అంగకే కోస్తున్నాను మాస్టారూ, మర్చిపోతానా? టేపు అరవై. టేపుకి రెండంగలు. పట్టండి ఆ కొస!"

ఉత్తరానికి పదకొండు టేపులు. ప్రతి టేపుకూ ఆమె మోకాళ్ల మీదికి వంగి, కొస ఆగిన చోట సుద్దతో గీత గీసి, నేల మీద చెయ్యి ఊని లేచింది. తూర్పుకు నాలుగు టేపులు, ఆపైన సగానికి మడిచిన టేపు. చివరి గీత రెండు బండల నడుమ ఇరుకు ముందర పడింది. ఆ ఇరుకుకు ఒక పలకరాయి అడ్డంగా ఉంది. ఆమె దానిని తొలగించి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, స్టీలు డబ్బాను బయటికి లాగింది.

లోపల పెన్సిలు, పుస్తకం. మొదటి పేజీలో తమ్ముడి దస్తూరీ, తేదీ. రెండో పేజీ ఖాళీ. అక్కడ ఆమె 'అక్క' అని రాసి, ఒక సుద్దముక్కను డబ్బాలో వేసి, నాతో ఫోటో తీయించి, ఎక్కడిది అక్కడ పెట్టింది.

ట్యాంకు మలుపు చేరేసరికి నాలుగూ ఇరవై.

"ఉందా?" అన్నాడు తమ్ముడు, ఫోను ఎత్తుతూనే.

"ఉంది."

"చెప్పానా! నా అంకెలు ఎప్పుడూ..."

"సగమే ఎక్కించావు. కింది వరుస ఏదిరా?"

"అది... రాయి నుంచి కొలుచుకోవాలని ఎవరికైనా తెలుస్తుందిగా!"

"నీకు తెలుసు. వాళ్లు సర్వేయర్లా? చొక్కాకి చేతులు కుట్టకుండా ఇచ్చి, చేతులుంటాయని ఎవరికైనా తెలుస్తుందిగా అని నేనంటే ఊరుకుంటారా?"

"ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"ఫోటో వస్తోంది. ఐదు లోపల కింది వరుస ఎక్కించి, తప్పు నాదని రాయి. అంగకి ముప్పై ఇంచులని కూడా రాయి."

"తప్పు నాదనా? ముప్పై రెండేళ్లలో..."

"రాయాలి. నువ్వు అబద్ధమాడలేదని నేను కొండెక్కి చూపించాను. మిగతాది పడుకునే చెయ్యొచ్చుగా!"

ఐదుకు పది నిమిషాలు ఉండగా జాబితాలో ఆ మాటలు కనిపించాయి. 'పెట్టె ఉంది. తప్పు నాది. వెతికినవారు క్షమించాలి.' దాని కింద రెండు వరుసలూ ఉన్నాయి. వాటిలో నేను దిద్దవలసింది ఏదీ కనిపించలేదు.

మూడో వారానికి ఆ ఇద్దరు మగవాళ్లూ మళ్లీ ఎక్కి, 'అక్క' కింద సంతకాలు పెట్టి వచ్చారు. బండలకు రాసుకుని మొదటి ఆరు ఇంచుల అంకెలు చెరిగిపోవడంతో, పాత టేపు ముడుల దారంతో పాటు దుకాణంలో మేకుకు వేలాడుతోంది.

ప్లాస్టరు విప్పాక తమ్ముడు చేతికర్రతో వచ్చాడు, కొత్త ప్యాంటు కొలతకు.

"ఒక అంగ వెయ్యి" అంది టేపక్క.

వేశాడు. ఆమె కొత్త టేపు పరిచి చూసి, బల్ల అంచున సుద్దతో 21 అని రాసింది. "ముప్పై అయ్యేదాకా వారం వారం రా."

గుడ్డ మాత్రం పాత వదులుతోనే కోసింది.